మేస్త్రి తువ్వాలు మీద ఎర్ర చుక్క

మేస్త్రి పోయాడన్న సంగతి నాకు ఒక కస్టమర్ ఫోన్ చేస్తే తెలిసింది. ఆయన కబురు చెప్పడానికి చెయ్యలేదు, అడగడానికి చేశాడు. "మీ మేస్త్రి పోయాడంట కదా. మరి నా కొత్త జీపు ఎవరు చేస్తారు?" అన్నాడు. మద్దిలపాలెం బస్ డిపో వెనక సందులో అప్పుడే మా షెడ్డు షట్టర్ ఎత్తుతున్నాను. సగంలో వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను.

మేస్త్రి రోజూ భీమిలి నుంచి బస్సులో వచ్చేవాడు. ఆ పొద్దున్న కూడా బస్సుకని బయల్దేరి, చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కూలిపోయాడట. గుండె. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. కాబట్టి ఏడుపు సంగతులు నాకు రాయడం రాదు. ఆయన పని గురించి రాస్తాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు ఊరుకోవు.

పేరు రాయడం లేదు. షెడ్డులో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు, మేస్త్రి అంటే ఆయనే. సముద్రం మీద చేపల వేటకెళ్లే వాళ్ల ఇంట్లో పుట్టాడు. మొదట బోటు ఇంజన్లు చేసి, తర్వాత ఒడ్డుకొచ్చి బండ్లు పట్టుకున్నాడు. బండ్లలో నూనె పారే గొట్టం వంచడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. గొట్టం ముట్టుకునే ముందు కట్టుడు తీగ ఒకటి తీసుకుని బండి కింద దూరేవాడు. గొట్టం ఏ దారిన పోవాలో ఆ దారంతా తీగని వంచుకుంటూ వచ్చేవాడు. తర్వాత ఒక పాత బోటు కప్పీ మీద గొట్టాన్ని అచ్చం ఆ తీగలాగే తిప్పేవాడు. పని అయ్యాక తీగ గోడ మేకుకి వేలాడేది.

ఇంకో అలవాటు ఉంది. గొట్టం పని ఎవరు చేసినా, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు తన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి బండి కింద పరిచేవాడు. పాత అట్టముక్కలు బోలెడున్నాయి కదా అంటే వినేవాడు కాదు. "అట్టముక్క మీద కారితే ఎవుడికి సిగ్గు? ఇదైతే నాను ఏసుకుని ఇంటికెల్లాల" అనేవాడు.

నేను ఎవరి దగ్గరా చేరి నేర్చుకోలేదు. ఫోన్లో వీడియోలు చూశాను, స్క్రాప్‌కి వచ్చిన గేర్‌బాక్సులు విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. అందుకే షెడ్డులో చేరిన మొదటి నెలల్లో ఎవడేం చెప్పినా పోట్లాటే. అలాంటి రోజుల్లోనే ఆ జీపు సంగతి జరిగింది.

అది రాళ్లూ వాగులూ ఎక్కించే జీపు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఆ గేర్‌బాక్సులో నూనె కాగిపోతుంది. ఆ వేడి నూనె ఒక గొట్టంలో ముందున్న కూలర్‌కి వెళ్లి, చల్లబడి, ఇంకో గొట్టంలో వెనక్కి రావాలి. వేలంత లావు కూడా ఉండవు ఆ గొట్టాలు. ఈ జీపుకి అవి చాసీ అడుగున, మొదటి రాయి తగిలే చోటే వేలాడుతున్నాయి. గురువారం కొండ దారిలో ప్రాక్టీసుకని జీపు ఓనర్ నన్ను తీసుకెళ్లాడు. వాగు దాటేటప్పుడు స్టీరింగ్ నా చేతిలో ఉంది. ఠంగుమని చప్పుడు. దిగి చూస్తే ఒక గొట్టం నలిగి చీలింది, గులాబీ షర్బత్‌లా నూనె రాళ్ల మీద కారిపోతోంది. వెంటనే ఆపాను కాబట్టి గేర్‌బాక్సు మిగిలింది. బండిని తాడు కట్టి లాక్కొచ్చారు.

షెడ్డులో ఓనర్ నావైపు చూడకుండా మేస్త్రికే చెప్పాడు. "ఆదివారం పొద్దున్న అందరి బండ్లూ కొండెక్కుతున్నాయి. నాదీ ఎక్కాలి. ఎక్కలేదనుకోండి, సోమవారం వీడు ఈ షెడ్డులో కనపడకూడదు."

"ఎక్కుతాది బాబూ. ఎల్లండి" అన్నాడు మేస్త్రి.

ఓనర్ వెళ్లగానే నేను మేస్త్రి మీద పడ్డాను. "నాను సేత్తాను. ఎవుడూ ముట్టుకోవద్దు."

"నిన్నెవుడు ఆపినాడ్రా" అని మేస్త్రి టీ తాగడానికి పోయాడు.

శుక్రవారమంతా బండి కిందే ఉన్నాను. పాత గొట్టాలు రెండూ కోసి పారేశాను. కొత్తవాటిని చాసీ లోపలి వైపు నుంచి, అడ్డ దూలం మీదుగా తీసుకెళ్లాను. ఇక రాయి తగలదు. జానెడు జానెడుకీ క్లాంపు, గేర్‌బాక్సు దాకా అంతా ఇనప గొట్టమే, గీత గీసినట్టు. అంత అందమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. నూనె పోసి మేస్త్రిని పిలిచాను.

టార్చి వేసి చూశాడు. "ఏటిరా, స్కేలెట్టి గీసినావా?"

"తిన్నగా ఉండకూడదా మేస్త్రీ?"

"దారి బాగుంది. తిన్నగా ఉంది, అదే నా బయం."

తువ్వాలు పరిచాడు. ఇంజన్ స్టార్ట్ చేశాను. పది నిమిషాలు, ఒక్క చుక్క లేదు. నేను నవ్వుతున్నాను. ఆయన చక్రాలకి దుంగలు అడ్డం పెట్టి, ముందు నిలబడ్డవాళ్లని పక్కకి పొమ్మని, "బ్రేకు తొక్కి గేర్లో ఎయ్. ఇప్పుడు రేజ్ ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. ఇంజన్, గేర్‌బాక్సు కలిసి ఒక పక్కకి ఒరిగాయి. తగ్గించాను, వెనక్కొచ్చాయి. మళ్లీ ఇచ్చాను.

"ఆపు" అన్నాడు.

తువ్వాలు మధ్యలో ఎర్ర చుక్క. నట్టు దగ్గర గొట్టం చీలింది.

"ఫోన్లో ఇలాగే ఏసినారు" అన్నాను.

"నీ ఫోన్లో ఇంజన్ ఊగదురా. బండిలో ఊగుతాది. బోటు కట్టినప్పుడు తాడు బిర్రుగా కడతారేటి? పోటొత్తే బోటు లెగుస్తాది, గట్టు లెగవదు. మద్దిన తాడు తెగుతాది." అని కటర్ తీసుకుని నా క్లాంపులు టకటకా తుంచేశాడు, అందరి ముందూ. స్పానర్ విసిరికొట్టి సందు చివరిదాకా వెళ్లిపోయాను. ఎవరూ పిలవలేదు. నేనే వెనక్కొచ్చాను.

ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు, ఆ శనివారం నా బతుకులో అన్నిటికన్నా మంచి రోజు. బండి కింద పక్కపక్కన పడుకున్నాం. ఆయన తీగ వంచుతుంటే నేను టార్చి పట్టుకున్నాను. సైలెన్సర్ గొట్టానికి నాలుగు వేళ్లు ఎడం ఉందో లేదో చేత్తో కొలిచాడు. "దీని పక్కన ఎట్టినావనుకో, సల్లారిన నూనెని మల్లీ పొయ్యి మీద ఎట్టినట్టే." చాసీ మీద ఇనప గొట్టమే ఉంచి, అక్కడి నుంచి గేర్‌బాక్సుకి మాత్రం నూనె వేడికీ ఒత్తిడికీ తట్టుకునే రబ్బరు గొట్టం, మధ్యలో ఒక వంపు వదిలాడు. "ఇది దాని ఊపిరి. ఇది ఒదలాల." కప్పీ నా చేతికిచ్చి రెండో గొట్టం నన్నే వంచమన్నాడు. మూడోసారికి తీగ మీద తీగలా కూర్చుంది. నాకు గంతులెయ్యాలనిపించింది.

సాయంత్రం మళ్లీ తువ్వాలు. ఉతికినా ఆ చుక్క పోలేదు. వేరేది తెస్తానన్నాను. "ఇదే ఉండాల" అన్నాడు. గేర్లో వేసి రేజ్ ఇచ్చాం. రబ్బరు వంపు సాగింది, ముడుచుకుంది, సాగింది. కొత్త చుక్క లేదు. భీమిలి రోడ్డు మీద సముద్రం పక్కన ముప్పావుగంట తిప్పి తెచ్చి మళ్లీ పరిచాం. లేదు. ఆదివారం జీపు కొండెక్కింది. సోమవారం నేను షెడ్డులో ఉన్నాను. మేస్త్రి తువ్వాలు దులిపి, మచ్చ పైకి కనిపించేలా భుజాన వేసుకున్నాడు. అప్పటి నుంచి చివరిదాకా అలాగే వేసుకున్నాడు. ఎవరైనా అడిగితే, "మావోడి మొదటి పని" అనేవాడు.

మేస్త్రి పోయిన పొద్దున్న ఫోన్ చేసినవాడు ఆ ఓనరే. ఇప్పుడు ఇంకో జీపు కొన్నాడు, దానికీ గొట్టాలు అడుగునే ఉన్నాయి. మేస్త్రి పోయే ముందు రోజు దాని కోసం తీగ వంచి మేకుకి తగిలించాడు. గొట్టం వంచలేదు.

"ఎవరు చేస్తారు?" అని ఆయన ఫోన్లో మళ్లీ అడిగితే, "నాను" అన్నాను.  "సరే" అన్నాడు.

పెద్దకార్యం అయ్యాక మేస్త్రి భార్య నన్ను పక్కకి పిలిచి, "నీ మచ్చే కదా, నువ్వే ఉంచుకో నాయినా" అని ఆ తువ్వాలు చేతిలో పెట్టింది. మర్నాడు కప్పీ దించాను. ఆయన తీగని పక్కన పెట్టుకుని గొట్టాలు రెండూ వంచాను. వంపు వదిలాను. దుంగలు అడ్డం పెట్టి, తువ్వాలు పరిచి, బ్రేకు తొక్కి, గేర్లో వేసి రేజ్ ఇచ్చాను. పదిసార్లు ఇచ్చాను. ఇంజన్ ఆపి, మోకాళ్ల మీద వంగి చూశాను. ఒకే చుక్క ఉంది, పాతది.

తువ్వాలు దులిపి, మచ్చ పైకి కనిపించేలా భుజాన వేసుకుని షట్టర్ దించాను. డిపోలోంచి భీమిలి బస్సు బయటికొస్తోంది. అది మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.