ఎగరనివ్వని రెక్క

జూబ్లీ హిల్స్‌లోని ఆ హోటల్ గుమ్మంలో, పసుపు పులిమి, నిమ్మకాయల దండ వేసి నిలబెట్టిన చెక్క రెక్కకు దండం పెట్టి లోపలికి వెళ్లినవాళ్లలో మీరూ ఉన్నారా? మొన్న నేను దగ్గరికి వెళ్లి దాని వాసన చూశాను. అగరొత్తుల కింద ఇంకా పాత వార్నిష్ వాసన ఉంది. అది మా తాత చేతుల వాసన.

కంప్యూటర్ కోర్సుల బోర్డులు గోడలన్నీ ఆక్రమించి, బండలు పేల్చిన దుమ్ము ఆరేసిన బట్టల మీద పడుతున్న రోజుల్లో మేం ఫిల్మ్‌నగర్‌లో ఉండేవాళ్లం. తాత సినిమా సెట్లకు వడ్రంగి. ఆయన చిత్రిక పడుతుంటే సుళ్లు తిరిగి రాలే టేకు పొట్టును గాజుల్లా తొడుక్కుని, సీతాఫలం తింటూ, ఆయన పడుచుతనంలో పనిచేసిన విమానాల కార్ఖానా కథ వినేదాన్ని. రెండో ప్రపంచయుద్ధంలో పుట్టిన చిన్న కార్ఖానా అది. గోనెసంచుల గోదాములో, బండిచక్రాలు చేసే వడ్రంగులే పొర మీద పొర జిగురుతో అతికించి, విమానం ముక్కున తిరిగే రెక్కలు చెక్కేవారట. యుద్ధం ముగిశాక కొన్నాళ్లు బడి బల్లలు చేసి మూతపడిందట. సన్నని పగులు కనబడి పక్కన పడేసిన ఒక రెక్కను తాత ఇంటికి తెచ్చుకున్నాడు. దాని మొదలు దగ్గర, ఆ పగులు పట్టుకుని దాన్ని ఆపేసిన ఏడుగురు పనివాళ్ల పేర్లు ఉలితో చెక్కి ఉండేవి. దసరాకు వాడంతా పనిముట్లకు పసుపు రాస్తే, ఆయన నూనె రాసేవాడు. "తుప్పుకు పసుపు మందు గాదు బిడ్డా."

ఆ రెక్కను ఒక నిర్మాత సెట్ కోసం అడిగి తీసుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. తాతా నేనూ ఆయన ఇంటికి వెళ్లేసరికి, అది హాలు మధ్యలో ఋషులు చేసిన విమానపు రెక్క అయి కూర్చుంది! ఎవరో స్వామి చెప్పాడట. మెడలో కంపెనీ బిళ్లలు ఊగుతుండగా, వీసాలు కోరుకుంటూ దాని చుట్టూ ఇంజనీర్ల ప్రదక్షిణలు. పగలంతా యంత్రానికి తర్కం నేర్పి, సాయంత్రం తమ తర్కాన్ని చెప్పులతోపాటు బయట విడిచే మేధావులు!

"ఆకాశంలోకి వెళ్లి, మంత్రబలంతో దిగొచ్చిన రెక్కయ్యా ఇది," అన్నాడు నిర్మాత.

"ఎగరనే లేదు సారూ. మేమే ఎగరనియ్యలే," అన్నాడు తాత. "గా పగులు జూడుండ్రి. ఇది వెట్టి పంపితే పైలట్ సచ్చేటోడు. గా ఏడుగురి పేర్లన్న సదువుండ్రి."

"పసుపు కింద అవేం కనబడతాయిలే పెద్దాయనా. కాఫీ తాగి వెళ్లు."

తాత తాగలేదు. ఇంటికి నడిచినంత దూరం ఆ ఏడు పేర్లూ నా చేత వల్లె వేయించాడు.

ఇప్పుడు తాత లేడు; సెట్లు వేసిన గుట్టలు లేవు; ఆ కార్ఖానా ఎక్కడుండేదో చెప్పే మనిషి లేడు. నిర్మాత కొడుకు రెక్కను తన హోటల్‌కు చేర్చాడు. పెరిగింది పసుపు ఒక్కటే. ఒక మనిషి ప్రాణం కాపాడిన వాళ్ల పేర్లలో నాకు ఐదే గుర్తున్నాయి. మిగిలిన రెండూ ఆ పసుపు కింద ఉన్నాయి.

ఈసారి వెళ్లినప్పుడు చేతులు జోడించకండి. రుమాలు తడిపి ఆ పసుపు తుడవండి. అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా ఆ పేర్లు చదవండి.