కుదరదు వదిన

'కుదరదు' అనిపించుకోవడానికి జీతం తీసుకునే మనిషిని మా వదిననొక్కదాన్నే చూశాను. ఆసుపత్రిలో మంచం పక్కన రోగి నొక్కే గంట ఉంటుంది కదా, ఆ పిలుపును నర్సుల బల్ల దగ్గరికి చేర్చే పెట్టెలు వాళ్ల కంపెనీ చేస్తుంది. పెట్టె బయటికి మాట్లాడాలంటే ముందు లోపల సాకెట్ అనే ద్వారం తెరుచుకోవాలి. నెట్‌వర్కులో పాతరకం అడ్రసుకొకటి, కొత్త పొడుగు అడ్రసుకొకటి, ఒక్కో ప్రోటోకాల్‌కీ, అంటే మాట్లాడే పద్ధతికీ, మళ్లీ వేరు. అడ్రసూ పద్ధతీ కలిసిన ఆ జోడీలన్నీ తన టెస్టు మిషన్లో అడిగి చూడటమే వదిన పని. కుదిరే జోడీకి తెరుచుకోవాలి, కుదరనిదానికి 'కుదరదు' అని మొహం మీదే చెప్పాలి. తప్పు జోడీకి తెరుచుకుందంటే ఆ రోజు ఇంట్లో ఎవరూ ఆమెతో పెట్టుకోకూడదు.

నేను నర్సుని. మా కొత్త వార్డుకే ఆ పెట్టెలు వస్తున్నాయని తెలిసిన వారం, వదిన పరీక్షలన్నీ పచ్చరంగులో గట్టెక్కాయి. పై ఉద్యోగం ఆమెదేనని ఆఫీసంతా అనుకుంది. అన్నయ్య అప్పుడే గాల్లో మేడలు కట్టేశాడు. భోజనాల దగ్గర నేను మాటల్లో మాటగా అన్నాను.

"మా వార్డులో పాత అడ్రసులు లేనే లేవట వదినా, అన్నీ పొడుగువేనట."

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నా మిషన్లో పొడుగు అడ్రసులు ఆపేశాను. లేనప్పుడు కుదరదంటుందో లేదో చూద్దామని. మళ్లీ పెట్టానా?"

పెట్టలేదు. ఎన్నిసార్లు అడిగినా మిషన్ 'కుదరదు' అంటూనే ఉంది, పరీక్ష దాన్ని సరైన జవాబుగా లెక్కేస్తూనే ఉంది. మర్నాడు తిరిగి పెట్టి అడిగితే, కొత్త అడ్రసుకు పెట్టె అసలు ద్వారమే తెరవలేకపోయింది. వదిన తిన్నగా మేనేజరు దగ్గరికెళ్లి తన తప్పు చెప్పేసింది. పెట్టెలు ఆగాయి. పై ఉద్యోగం పక్క సీటాయనకు వెళ్లింది.

అన్నయ్య ఆ సాయంత్రం ఇల్లు పీకి పందిరేశాడు. "పెట్టెలో లోపం ఇవాళే బయటపడిందని చెబితే పోయేదిగా! తేలు కుట్టిన దొంగలా ఊరుకోలేకపోయావా?"

"ఇన్నాళ్ల పరీక్షలూ ఆ మిషన్లోవే. నేను ఊరుకుంటే అవన్నీ మళ్లీ ఎవరు చూస్తారు? గంట నొక్కేవాళ్లకి కేకేసే ఓపిక కూడా ఉండదు" అని గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. అన్నయ్య మీద నాకు ఒళ్లు మండింది. ఆ మాట నేనెందుకన్నానా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

సరిచేసిన పెట్టెలు ఆలస్యంగానే మా వార్డుకి వచ్చాయి. బిగించిన రోజు వదిన వచ్చి, ఖాళీ మంచం మీద కూర్చుని గంట నొక్కింది. నా బల్ల మీద మోగింది. వెళ్లి, రోగిని అడిగినట్టే "ఏం కావాలమ్మా?" అన్నాను.

"ఏం లేదు. వచ్చావు, చాలు. ఇంకోసారి నొక్కనా?"

"కుదరదు, నాకు బోలెడు పనుంది."

బల్ల దగ్గరికి చేరేలోపే మళ్లీ మోగింది. వెనక్కి తిరిగి వెళ్లాను.