చల్లగా తగిలిన డబ్బా

1954 వానాకాలం. అమలాపురం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో మత్తు ఇచ్చే నర్సుగా నాకది రెండో ఏడు. ఐదు నెలల బాబును అత్తగారి చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్లేదాన్ని. వాడు ఏడుస్తున్నాడేమోనన్న ధ్యాస ఎప్పుడూ ఉండేది.

ఆ రోజు కేసు ఐనవిల్లి నుంచి వచ్చిన సత్యవతి. కడుపులో గడ్డ. ఆమెకూ చంటిపిల్ల ఉంది. బల్ల మీద పడుకుని నా చెయ్యి పట్టుకుంది.

"మళ్లీ లేస్తానాండీ? పిల్ల ఇంకా నా పాలమీదే ఉందండి."

"లేస్తారండి. సాయంత్రం పిల్లని మీ పక్కలో నేనే పడుకోబెడతాను."

మాట ఇచ్చేశాను.

మా దగ్గర మాస్కుకీ రబ్బరు సంచికీ మధ్య ఒక చిన్న డబ్బా ఉండేది. రోగి వదిలిన ఊపిరి ఆ డబ్బాలోంచి సంచిలోకి వెళ్లి, అదే దారిన తిరిగి వస్తుంది. మత్తుమందు ఈథరూ, ఆక్సిజనూ వృథా కావు. కానీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మధ్యలోనే తీసెయ్యాలి. ఆ పని డబ్బాలోని సోడా లైమ్‌ది. సున్నానికి కొద్దిగా కాస్టిక్ సోడా కలిపి చేసిన పలుకులవి. కార్బన్ డయాక్సైడ్ ముందు ఆ పలుకుల్లోని చెమ్మలో కరుగుతుంది, తరవాత సున్నంతో కలిసి సుద్ద అవుతుంది. అలా అయ్యేటప్పుడు వేడి పుడుతుంది.

మత్తు ఎక్కాక డబ్బా తగిలించాను. కోత పెట్టిన కాసేపటికి సత్యవతి ముఖం ఎర్రబడింది. చెమట పట్టింది. ఊపిరి బరువుగా, నాడి వడిగా ఉన్నాయి.

"రక్తం ఎక్కువ ఊరుతోందమ్మా," అన్నారు డాక్టరమ్మగారు. "మత్తు చాలినట్టు లేదు. ఈథర్ పెంచు."

నాకూ అలాగే అనిపించింది. పెంచబోతూ డబ్బా పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఈపాటికి వేడెక్కాలి. అంటే సత్యవతి తాను వదిలిన ఊపిరినే మళ్లీ పీలుస్తోంది.

"మత్తు కాదండి. డబ్బా పనిచెయ్యట్లేదు," అంటూ మాస్కు తీసేశాను. మంచి గాలి ఆడనిచ్చి, పాత పద్ధతిలో ముఖం మీద గుడ్డ వేసి ఈథర్ చుక్కలు పోస్తూ వచ్చాను. పావుగంటకి నాడి నెమ్మదించింది.

ఆపరేషన్ అయ్యాక, డబ్బాలో పలుకులు నింపే ఆయా మరియమ్మను పిలిచాను.

"ఈ పలుకులు ఎప్పటివమ్మా?"

"కొత్తవేనండి. చెమ్మ తగలకూడదన్నారు కదండీ మీరు. నిన్న కాస్త ఎండొస్తే చాప మీద పోసి, గలగలమనేదాకా ఎండబెట్టేనండి."

"గలగలమనేదాకానా?"

"ఆయ్. సరిగ్గా ఎండకపోతే కొబ్బరికి బూజు పట్టేస్తదండి మరి."

డాక్టరమ్మగారు చేతులు కడుక్కుంటూ నవ్వేరు. "ఆవిణ్ణేమీ అనకు. మన కోనసీమలో ఎండబెట్టకుండా వదిలేదేముంది?"

అనడానికి నాకు నోరెక్కడిది? అంతకుముందు ఒక టిన్ను వానకి తడిసి ముద్దయితే, చెమ్మ తగలకూడదని చెప్పింది నేనే. లోపలి చెమ్మ పోతే పలుకులు పనిచెయ్యవని చెప్పలేదు. కాలేజీలో కెమిస్ట్రీ చదివిన నాకు తెలిస్తే అందరికీ తెలిసినట్టే అనుకున్నాను.

సాయంత్రం పిల్లను సత్యవతి పక్కలో పడుకోబెట్టాను. "అన్నమాట నిలబెట్టుకున్నారండి," అందామె మగతగా.

ఆ తరవాత మరియమ్మకు కారణంతో సహా చెప్పకుండా ఏ పనీ చెప్పలేదు. ప్రతి కేసులోనూ మత్తు మొదలుపెట్టిన కాసేపటికే నా చెయ్యి డబ్బా మీదికి వెళ్లేది. ఇంట్లో బాబు ఒళ్లు వెచ్చబడితే గాభరా, ఇక్కడ డబ్బా వెచ్చబడేదాకా గాభరా.