దొరసాని కన్నీళ్లు, నా ఉద్యోగం

1964 జూన్ 14వ తేదీ, ఆదివారం, సాయంత్రం అయిదు గంటలకు నల్లగొండలోని ఒక కళాశాలలో నా రష్యన్ సాహిత్య బోధన ఆరంభమైంది. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి గనుక, అంత ఉక్కలోనూ కోటు తొడుక్కోవడం నా ధర్మమని భావించాను. ఎవరైనా వచ్చి వినదగిన ఈ ఆదివారపు తరగతికి జనం నిలిస్తేనే నా ఉద్యోగం నిలుస్తుందని ముందే సెలవిచ్చిన ప్రిన్సిపాలుగారు వెనక బెంచీలో ఆసీనులయ్యారు.

గది నిండిపోయింది. కట్టంగూరు, నార్కట్‌పల్లి నుంచి కూడా రైతులు వచ్చారు. ఒకప్పుడు కమ్యూనిస్టుల సంఘంలో చేరి దొరల గడీల మీదికి నడిచిన మనుషులు వాళ్లు. రష్యా అన్న మాట విని వచ్చారు. నా కీర్తి అంతదూరం పాకిందని నేననుకున్నాను.

ఒక పాత నవలలోని ఘట్టాన్ని తెలుగు చేసి వినిపించాను. ప్రేమ విఫలమైన దొరసాని మేడ కిటికీ దగ్గర కూర్చుని కన్నీరు కారుస్తుంది. ఆ దుఃఖాన్ని ఎంత శ్రద్ధగా వ్యాఖ్యానించానంటే, చివరికి నేనే చేతిరుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాను.

ముందు వరుసలోని ముసలి రైతు లేచాడు.

“సారూ, గామె ఎందుకేడుస్తాంది? భూములు గుంజుకున్నరా?”

“లేదు. ఆమె ప్రేమించిన వ్యక్తి పట్నం వెళ్లిపోయాడు.”

“గంతేనా?” ఆయన పక్కవాడి వైపు తిరిగాడు. “దొరల్ని ఎల్లగొట్టి మనమొస్తే, సారు మళ్ల దొరసానిని తెచ్చి నెత్తిన కూసోబెట్టిండు రా!”

గదంతా నవ్వులు. నేను తడబడి, “ఆమె హృదయం చాలా సున్నితమైనది” అన్నాను.

“ఎందుకుండదు సారూ! వంట ఒకరు జేస్తిరి, బట్టలు ఒకరు పిండితిరి. ఇగ ఏడ్సుడొక్కటే గదా ఆమె పని.” ఆయన తువ్వాల భుజాన వేసుకున్నాడు. “గా బట్టలు పిండిన పిల్ల ముచ్చట కితాబుల ఉందా? ఉంటె మళ్ల ఐతారం వస్త. లేకుంటె నాకు బర్లకాడ పనుంది.”

ప్రిన్సిపాలుగారు గడియారం చూసుకున్నారు. నేను గబగబా పుటలు తిప్పాను. నాకు ప్రథమశ్రేణి సంపాదించిపెట్టిన ఆ నవలలో ఒక పనిపిల్ల నిజంగానే ఉంది. టీ తెచ్చిపెట్టి, తలుపు మూసి వెళ్లిపోతుంది. మా అవ్వ అటువంటి గడీలోనే వెట్టికి నీళ్లు మోసింది. అయినా అన్నేళ్ల చదువులో నేను ఆ పిల్ల ముఖం చూడలేదు.

“ఉంది,” అన్నాను. “వచ్చే ఆదివారం చెబుతాను.”

“జర ఆ కోటు ఇప్పి రా సారూ. సూస్తుంటె మాకే ఉక్కపోస్తాంది.”

కోటు లేకుండా వెళ్లాను. ఆయన ఇరుగుపొరుగును వెంటబెట్టుకుని వచ్చాడు. తరగతి నిలిచింది, ఉద్యోగం ఖాయమైంది. ఆనాటి నుంచి ఏ నవలనైనా పనివాళ్లతోనే మొదలుపెట్టి చెప్పాను. నా పరిశోధన కూడా వాళ్ల మీదనే సాగింది.