డేగ కంట్లో దోమల గుంపు

మిల్లులో బట్ట తనిఖీ చేసే ఆమెను అందరూ డేగ అంటారు. పత్తి ఇంకా చేలో ఉండగానే రేపు ఏ తానులో ఏ పోగు తెగుతుందో చెప్పేయగలదు. నమ్మబుద్ధి కాని వాళ్ళు మానేయవచ్చు, ఆమె చూపుకు వచ్చిన లోటేమీ లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒకటే. కింద దీపాలు అమర్చిన గాజుబల్ల మీదుగా బట్ట జారిపోతుంటే, లోపం ఉన్నచోట ఎర్ర చీటీ అంటించడం. ఎడమకంట్లో పదేళ్ళుగా ఒక నల్లచుక్క తేలుతూండేది. దానికి దోమ అని పేరు పెట్టుకుంది. మచ్చ కనబడితే బట్టను కాస్త లాగి చూసేది. బట్టతో కదిలితే మిల్లుది, చూపుతో కదిలితే సొంతది. పేచీ లేదు.

ఆ మంగళవారం పొద్దున్న మాత్రం దోమ చుట్టపక్కాలందర్నీ వెంటేసుకొచ్చింది. కళ్ళముందు ఎవరో మిరియాలపొడి చల్లినట్టే ఉంది. ఏది మిల్లుదో ఏది సొంతదో తేలదు. బల్ల ఆపితే నలుగురూ చూస్తారు, చూపు తగ్గిందని తెలిస్తే ఆ బల్లే పోతుంది. అందుకని ఆపకుండా, ఒక్క తానుకే నలభై ఒక్క చీటీలు అంటించేసింది. నేసినవాడు ఆ తాను భుజానేసుకుని తగువుకొచ్చాడు. ఒక్కటంటే ఒక్క లోపం చూపించమన్నాడు. ఆమె అతని మొహం చూడకుండా, ఈ దీపం కొట్టుకుంటోంది, ముందు దీని సంగతి చూడండని ఎలక్ట్రీషియన్ని కేకేసింది.

నిజంగానే చూపు అంచున ఏదో తళుక్కుమంటోంది. అతను ట్యూబులైటు మార్చాడు. తళుకు పోలేదు. ఇంకోటి మార్చాడు. మూడోసారి నిచ్చెన ఎక్కనన్నాడు. ఇవి బిగించి వారం కూడా కాలేదు, వీటికి అప్పుడే చావు రాయొద్దని గొణుక్కున్నాడు.

పక్కన తాన్లు మడతపెట్టే తోటికోడలు లేచొచ్చి స్విచ్చు ఆపేసింది.

"ఇప్పుడూ మెరుస్తోందా అక్కా?"

డేగ కళ్ళు మూసుకుంది. మూసినా మెరిసింది.

"మెరుస్తోంది."

"మరి లైటు లేదుగా."

నిద్ర చాలకేమో అంది డేగ. నొప్పి లేదుగా అంది. ఆదివారం చూపించుకుంటానంది. తోటికోడలు చెప్పులు తెచ్చి కాళ్ళముందు పడేసింది.

"సూపర్వైజరు అడిగితే నేను చెప్పుకుంటాలే. నడువ్."

కంటాసుపత్రికి పోయే బస్సులో డేగ స్థిమితంగా కూర్చోలేదు. ఒక కన్ను మూసి దుకాణాల బోర్డులు చదివింది, మళ్ళీ రెండోది మూసి చదివింది. ఎడమకంటి పక్కనుంచి పల్చని నీడ దిగుతోందా, లేక కిటికీ తెరేనా అని తోటికోడల్ని మూడుసార్లు అడిగింది. కిటికీకి తెర లేదు.

డాక్టరమ్మ చుక్కలు వేసి, కంట్లోకి దీపం కొట్టి చాలాసేపు చూసింది. పాత దోమతో గొడవ లేదంది. వయసు పైబడ్డవాళ్ళలో చాలామందికి అలాంటివి ఉంటాయంది. ఉన్నట్టుండి గుంపుగా వచ్చినా, మెరుపులు కనబడినా, తెర దిగినట్టు నీడ కమ్మినా మాత్రం నొప్పి లేదు కదా అని ఆగకూడదు, ఆరోజే రావాలంది. కంటి వెనక పొరకు చిరుగు పడింది. పొర ఇంకా ఊడలేదు గానీ, ఆ చిరుగులోంచి నీరు దూరితే ఊడొస్తుందట.

ఎంత పొడవు చిరుగని డేగ అడిగింది. ఆ ప్రశ్న అడిగిన రోగి ఇంతవరకూ లేరంది డాక్టరమ్మ. ఆ మధ్యాహ్నమే లేజరుతో చిరుగు చుట్టూ అతికించింది.

డాక్టరమ్మ సరేనన్నాక డేగ మళ్ళీ బల్ల దగ్గరికి చేరింది. నల్లచుక్కలు కొన్ని మిగిలాయి గానీ మెరుపు లేదు. ఈలోగా మగ్గాల దగ్గర కథ తయారైపోయింది: డేగ తన కంటి చిరుగు తనే పట్టేసి, డాక్టరుకు చోటు చూపించి మరీ అతికించుకుందట. నేసినవాడు అదే మాట ఆమె ముందే చెప్పాడు.

"నేనేం పట్టలేదు," అంది డేగ, బట్ట లాగుతూ. "ఆదివారం దాకా ఆగుదామనుకున్నాను. ఇదుగో, మా తోటికోడలే లాక్కెళ్ళింది."