కాక తీశాడన్న రాయి

ఈ వానలకు మా ఇంటి వెనక తలుపు ఉబ్బి గొళ్లెం పడకుండా మొరాయిస్తుంటే మొన్న ఒక వడ్రంగిని పిలిపించుకున్నాను. నిజామాబాద్ వైపు నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డ నడివయసు మనిషి. ఆయన సంచిలో ఏదో తక్కువైందంటే, అటక మీద ఏళ్లుగా పడి ఉన్న మా మేనమామ పనిముట్ల పెట్టెను దింపించి మూత తెరిచాను. మూత లోపలివైపు మరాఠీ అక్షరాల్లో నేను రాసిన పేర్లు ఇంకా చెరిగిపోలేదు. చివరి నుంచి మూడో పేరు దగ్గర నా చూపు ఆగింది. ఆ పేరు గల పనిముట్టును మామ దగ్గర పనిచేసిన కాక ఎత్తుకుపోయాడని ముప్పై ఏళ్లుగా నేను నమ్మాను, కనబడినవాళ్లకల్లా చెప్పాను. అలా విన్నవాళ్లలో మిగిలినవాళ్లకైనా నిజం నా నోటితోనే చెప్పాలని ఇది రాస్తున్నాను.

అప్పట్లో మా మామకు పాత నాందేడ్‌లో తలుపులు, మంచాలు చేసే చిన్న కార్ఖానా ఉండేది. డిగ్రీ ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న నన్ను, ఊరికే కూర్చోవడమెందుకని అక్కడ పెట్టారు. పనివాళ్లు ఇద్దరే. ముఖేడ్ నుంచి వచ్చే మరాఠీ మిస్త్రీకి తెలుగు ముక్క రాదు. రెండో ఆయన హిమాయత్‌నగర్ దాటిన తర్వాత వచ్చే ఒక పల్లెవాడు, సెంటు భూమి లేని ఇంట పుట్టి కూలికి పోతూ పోతూ వడ్రంగం నేర్చుకున్నవాడు. వయసులో పెద్దవాడని అందరం ఆయనను కాక అనేవాళ్లం. పనిముట్లు మాత్రం ఇద్దరికీ కలిపి ఒకే టేకు పెట్టెలో, ఉలి మీద సుత్తి, సుత్తి మీద రంపం, చేయి పెడితే తెగేటట్టు గుట్టగా పడి ఉండేవి. చదువుకున్నవాడిని గనుక దాన్ని సర్దడమే నా మొదటి ఘనకార్యం కావాలనుకున్నాను.

మిస్త్రీ పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి పేరు చెబుతుంటే మూతలో రాసుకున్నాను. ఆ తర్వాత కాక దగ్గరికి వెళ్లి, ఆయన బల్ల మీద ఉన్నవి ఏమిటని అడిగి, ఆయన పని ఆపకుండా చెబుతుంటే తల ఎత్తకుండా వాటినీ రాశాను. ప్రతిదానికీ ఒక అర, అర మీద ఒక చీటీ. కాక అది చూసి, "ఏం చిన్నసేటూ, ఉలికి సుత చీటీ గట్టినవ్, అది చదువుకుంటదా?" అని నవ్వాడు. నాకు నచ్చలేదు. నా అనుమానం బహుశా ఆ నవ్వు దగ్గరే మొదలైంది.

సర్దడం పూర్తయిన రోజు సాయంత్రం చూస్తే ఒక అర ఖాళీ. చీటీ మీద ఆకురాయి అని ఉంది. కాక చెప్పిన పేరే అది. ఆకులా పలచగా ఉండే సానరాయి కాబోలని నేనే అనుకుని, అరచేయి పట్టేంత వెడల్పుగా అర చేయించాను. మిస్త్రీని రాయి గురించి అడిగితే, "కౌన్సా పత్థర్ భై?" అని, ఏ రాయి అన్నట్టు వెర్రిగా చూశాడు. కాకను అడిగితే మాత్రం, "గది పెట్టెల్నే ఉన్నది గద, ఇప్పుడే పెట్టిన" అన్నాడు. రాయి సంగతే తెలియనివాడు ఎలా తీస్తాడు, తెలిసినవాడే తీసి ఉండాలి అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఆ వారమంతా మామ కలప కొనడానికి చంద్రాపూర్ వైపు వెళ్లి ఉన్నాడు. నేను కాక మీదే కన్నేసి ఉంచాను. ఒక మనిషి మీద అనుమానం పెట్టుకుంటే ఆయన చేసే ప్రతి పనీ దానికి సాక్ష్యమైపోతుంది. నీళ్లు తాగడానికి వెళ్తూ సంచి వెంట తీసుకెళితే ఎందుకు, తీసుకెళ్లకపోతే నన్ను నమ్మించడానికా? నేను వచ్చినప్పుడు మాట ఆపితే దాస్తున్నాడు, ఆపకపోతే నటిస్తున్నాడు. రంపానికి పదును పెట్టుకుంటూ తనలో తాను పాడుకుంటే, దొరకలేదన్న ధీమా అనుకున్నాను. ఆయన చేతిలో అప్పుడు ఏమున్నదో చూడలేదు. ఆ సంచిలో ఏమున్నదా అనే చూశాను.

శనివారం ఊరికి బయలుదేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడి, రాయి ఏదని అడిగాను. "పెట్టెల సరిగ్గ సూడు చిన్నసేటూ, కండ్లద్దాలు గావాల్నా?" అని మళ్లీ నవ్వాడు. ఆయన భుజాన ఉన్న సంచి లాగి మిస్త్రీ ముందరే బోర్లించాను. గుడ్డలో చుట్టిన రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, ఒక తువ్వాల, అంతే. కాక వంగి రొట్టెలు దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. పెట్టె రెండడుగుల దూరంలోనే ఉంది. తెరిచి చూపిస్తే సరిపోయేది. కానీ రొట్టెలు నేల పాలయ్యాక, నాకు ఏదైనా చూపించాలని ఆయనకు అనిపించి ఉండదు. సంచి భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టాడు. సోమవారం రాలేదు, ఇంకెప్పుడూ రాలేదు.

తిరిగొచ్చిన మామకు, మంచి రాయి ఒకటి కాక తీసుకుపోయాడని చెప్పాను. "ఏం రాయిరా?" అన్నాడు మామ. పదును పెట్టే రాయి అన్నాను. ఆ పేరును ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే మామ నవ్వి, కాకను వెతికి తెచ్చేవాడు. నేను నా అర్థం చెప్పాను. రాసి పెట్టిన లెక్క ఉందన్నాను గనుక మామ అది చూడకుండానే నమ్మాడు. హిమాయత్‌నగర్ వైపు నుంచి వచ్చే తలుపుల బేరగాళ్లకు మాత్రం చీటీ మీది పేరుతోనే, కాక ఆకురాయి ఎత్తుకుపోయాడని చెప్పాను. మాట ఆయన పల్లెదాకా పోయే ఉంటుంది.

మీలో పనిముట్లు పట్టినవాళ్లకు సంగతి ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. నాకు మాత్రం మొన్నటిదాకా తెలియలేదు. పెట్టెలోకి తొంగి చూస్తూ వడ్రంగి, "సారూ, ఇందుల ఆకురాయి ఉన్నదా?" అన్నాడు. అది పోయి ముప్పై ఏళ్లయిందన్నాను. ఆయన చేయి పెట్టి, కానస అని చీటీ ఉన్న అరలోంచి, రంపం పళ్లు రాసుకునే గరుకు ఇనుప పట్టీని తీశాడు. "పోవుడేంది సారూ, గిదే గద! మరాఠోళ్లు కానస అంటరు, మనం ఆకురాయి అంటం."

మిస్త్రీ చెప్పిన పేరు ఒకసారి, నేను బల్ల దగ్గరికి వెళ్లేలోపు కాక దాన్నే తీసుకున్నాడు గనుక ఆయన చెప్పిన పేరు ఇంకోసారి, ఒకే వస్తువును రెండుగా రాసుకున్నాను. లేని వస్తువుకు అర చేయించి, అది ఖాళీగా ఉందని మనిషిని దొంగను చేశాను.

ఆ తర్వాతి ఆదివారం ఆ ఇనుప పట్టీని సంచిలో వేసుకుని కాక పల్లెకు వెళ్లాను. కాక పోయి చాలా ఏళ్లయిందట. కూతురు ఉంది. నేను ఎవరో చెప్పి, జరిగినదంతా చెప్పాను. ఆమె, "మా బాపు అన్ని సామాన్లు కొనుక్కున్నడు గని, ఆకురాయి మాత్రం ఎన్నడు కొనలే. రంపం రాసుకోనీకి ఇంటింటికి తిరిగి అడుక్కచ్చేటోడు. ఎందుకే బాపూ అంటే, మనింట్ల అది కనవడితే నాందేడ్‌ది అంటరు బిడ్డా అనేటోడు" అంది. సంచిలోది బయటికి తీయడానికి నాకు చేయి రాలేదు.

ఇప్పటి వడ్రంగులకు ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. ఏ పనిముట్టు ఆకారానికి తగ్గ గుంట దానికే ఉంటుంది. పేరు తెలియకపోయినా సర్దేయవచ్చు, ఏది లేదో ఒక్క చూపుకు తెలిసిపోతుంది. మా కార్ఖానాలో ఒక్కో వస్తువుకు రెండు మూడు పేర్లుండేవి, తెలియకపోతే అడగడానికి పక్కనే మనుషులుండేవాళ్లు. ఆకురాయి అంటే ఏమిటని నేనే అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే కార్ఖానా లేదు, మామ లేడు, కాక లేడు. ఇంటికొచ్చి ఆ ఇనుప పట్టీని ఆకురాయి అన్న చీటీ ఉన్న అరలో పెట్టాను. అర మరీ వెడల్పు, కదిలిస్తే అటూ ఇటూ కొట్టుకుంటోంది. దాని పక్కన కానస అర ఖాళీ.