సుక్కి అత్త కోసం ఆగిన డప్పు

టీ తాగిన గ్లాసును సుక్కి అత్త తానే కడిగి, ఎప్పటిలాగే స్పీకరు పెట్టె మీద బోర్లించింది.

“అత్తా, గది గిన్నెల బల్ల కాదే! నీళ్లు లోపలికి పోతే ఖతం” అని వీరేందర్ మొత్తుకున్నాడు.

ఆమె పెట్టె మీద అరచెయ్యి ఆనించి, లోపల మోగుతున్న డప్పుకు తలూపింది. “మల్ల ఆదివారం ఇంకో పాట పాడత. నీ డబ్బాకు జర చెప్పి పెట్టు” అని మెట్లు దిగి తండా ఆటో ఎక్కింది. ఆ ఆదివారం రాకముందే నిద్రలో పోయింది.

వీరేందర్‌కు ఆమె మేనత్త. మిర్యాలగూడ రైసుమిల్లులో సగం వయసు గడిపి, మోకాళ్లు మొరాయించాక పని మానేసింది. తీజ్ పండుగ వచ్చిందంటే మాత్రం ఆ నొప్పులేవీ గుర్తుండేవి కావు. బుట్టల్లో మొలిచిన గోధుమ నారు చుట్టూ పెళ్లికాని పిల్లలు ఆడుతుంటే, లంబాడీ పాట ఎత్తేది ఆమే.

ఆమె పోవడానికి కొద్ది రోజుల ముందు, ఈ ఏడు తీజ్‌కు ఆ పాటను రికార్డు చేసి ఊరేగింపులో డీజే బండి మీద మోగించాలని వీరేందర్‌కు కోరిక పుట్టింది. స్టేషను దగ్గర మొబైల్ షాపు పైగదిలో అతని స్టూడియో. డప్పు, డోలు, తాళాలు అన్నీ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. తెర మీద వరసగా గళ్లు. ఏ గడిలో చుక్క పెడితే ఆ చోట దెబ్బ పడుతుంది. ఆ డప్పును మంట మీద కాచనక్కర్లేదు. అది అలసిపోదు, అలగదు, మధ్యలో బీడీకి పోదు. సూర్యాపేట పెళ్లివాళ్లు చివరి నిమిషంలో వేగం పెంచమన్నా, టీ చల్లారేలోపు పెంచి పంపేవాడు.

సుక్కి అత్త దగ్గర మాత్రం దాని పప్పులుడకలేదు. ఆమె పాటలో ప్రతి వరస చివరా పిల్లలు వంగి, చప్పట్లు కొట్టి లేస్తారు. వాళ్లు లేచేదాకా రాగం సాగుతుంది. తండాలో డోలు కొట్టే బీక్యా అంతసేపూ కర్ర ఎత్తి పట్టుకుంటాడు. కంప్యూటరు డప్పు ఎవరినీ చూడదు కదా, రాగం ముగియకముందే తర్వాతి దెబ్బ వేసి వెళ్లిపోయేది.

“హెడ్‌ఫోన్ల డప్పు వస్తలేదా?” అన్నాడు వీరేందర్ రికార్డింగు మధ్యలో, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

“చెవులకు వెచ్చగున్నది రా.”

అతను ఇటు తిరిగాడు. “డప్పును పట్టుకొని పాడాలె అత్తా. అది నీ కోసం ఆగదు.”

“ఆగకుంటే గదేం డప్పు రా? అయినా మాటిమాటికి ఆ డబ్బా దిక్కు తిరుగుతవేంది? నా దిక్కు సూసి మాట్లాడు!”

ఇంతలో కోదాడ నుంచి డీజే బండి వినోద్ ఫోను. “ఏంటి బావా, రేపే ఊరేగింపు! పాట పంపుతావా, సినిమా పాటలు పెట్టేసుకోనా?”

వీరేందర్ ఆ మాట చెప్పగానే అత్త కొంగు దోపింది. “సినిమా పాటకు గోధుమ నారు ఎండిపోతది. కానియ్!”

విసుగొచ్చి అతను కంప్యూటరు డప్పు ఆపేశాడు. ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని, బల్ల మీద వేళ్లతో దరువు వేశాడు. ఆ వేళ్లనే చూస్తూ అత్త పాటంతా ఒక్క ఊపులో పాడేసింది. రాగం సాగినచోట అతని వేళ్లూ ఆగాయి.

“గిట్ల కొట్టక ఇంతసేపు పరేషాన్ చేసినవ్” అని తిరిగి అతన్నే తిట్టింది.

ఇక మిగిలింది గళ్ల పని. ఆమె గొంతు సాగినచోట ఖాళీలు వదులుతూ, దెబ్బలను ఒక్కొక్కటే జరిపాడు. చూడటం రాకపోయినా, చెప్పినచోట ఆగడానికి ఆ డప్పు ఏమాత్రం మొండికెయ్యలేదు. ఒకసారి నేర్పాక మరచిపోనూ లేదు.

మర్నాడు తండాలో పిల్లలు వంగారు, డప్పు ఆగింది. లేచారు, అందుకుంది. “ఇగ నాకు రిటైర్మెంటే” అని బీక్యా డోలు కింద పెట్టాడు. సుక్కి అత్త అందరినీ తోసుకుంటూ పోయి పెద్ద స్పీకరుకు వీపు ఆనించి నిలబడింది. “చెవులు పగులుతయే, దూరం జరుగు!” అని వీరేందర్ వెనక నుంచి ఎంత అరిచినా కదలకుండా, పాట అయిపోయేదాకా నవ్వుతూనే ఉంది.

ఆమె దినం నాడు, మిల్లులో ఆమె పక్కన పనిచేసిన నర్సమ్మ వచ్చింది. వీరేందర్ ఫోనులో ఆ పాట వినిపించి, హెడ్‌ఫోన్ల గొడవంతా నవ్వుతూ చెప్పుకొచ్చాడు. నర్సమ్మ నవ్వబోయి ఆగింది.

“చెవులకు పెట్టినవా బిడ్డా? మిల్లు చప్పుడుకు అవి ఎన్నడో పోయినయి. ఎదురుంగ నిలబడితే పెదవులు సూసి సమజ్ చేసుకునేది. పనిలకెల్లి తీసేస్తరని ఎవ్వలకు చెప్పనియ్యలే.”